తడిగుడ్డ కింద

మా ఊరి పేరుకి అర్థం పడవ.
ఊచ్ అంటాం. ఊళ్లో నది కనిపించదు.
బట్టల మిల్లులు వచ్చిన కాలంలో
నదుల్ని గొట్టాల్లోకి తోసి పైన వీధులు పరిచారు.
ఇరవై రెండేళ్లు ఆ వీధుల మీదే ట్రామ్ నడిపాను.
కింద నీళ్లున్నాయన్న సంగతి
ఒక్కరోజూ గుర్తు రాలేదు.

నవంబరులో, మలుపు దగ్గర, ఒకావిడ.
విచారణలో అంతే చెప్పగలిగాను.
తప్పు నాది కాదని కాగితం ఇచ్చారు.
మడిచి జేబులో పెట్టుకున్నాను.
కుడిచెయ్యి మాత్రం ఆ కాగితం చదవలేదు.
నిద్రలో బ్రేకు పిడిని పట్టుకుంటుంది.
తెల్లారి నా భార్య యాద్విగ
ఒక్కో వేలూ విప్పుతుంది,
బఠాణీకాయ ఒలిచినట్టు.

డాక్టరు చీటీ రాశాడు. చీటీకి మనిషి దొరకడు.
మొదటి నంబరు మోగి మోగి ఊరుకుంది.
రెండోది, ఏడు నెలలు ఆగాలంది.
ఏడు నెలలు!
ఏడు నిమిషాలు ఆలస్యమైతే
జనం నన్ను తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి.
మూడో చోట ఒక కుర్రాడు
నా మాటలన్నీ టైపు చేసుకున్నాడు,
టికెట్లు కొట్టినట్టు, ముఖం ఎత్తకుండా.
నాలుగో ఆవిడ మంచిది. మెత్తటి కుర్చీ. గోడకి గడియారం.
నాలుగు వారాలు ఇద్దరం ఆ గడియారాన్నే విన్నాం.
చివరికి తనే అంది:
"మీకు మాట దారి మూసుకుపోయినట్టుంది.
మీకు తగిన మనిషిని నేను కాదు. కోపం తెచ్చుకోకండి."
వైద్యం చేసేవాళ్ల నోట
నేను విన్న మొదటి నిజం అది.
చీటీ వెనక ఒక చిరునామా రాసిచ్చింది.

పాత నూలు మిల్లు, మూడో అంతస్తు.
పత్తి వాసన ఇంకా గోడల్ని వదల్లేదు.
అక్కడ హాల్ష్‌కా, గోళ్ల కింద మట్టి ఉన్న మనిషి.
నాకు బొమ్మలు రావని ముందే చెప్పేశాను,
బళ్లో నేను గీసిన గుర్రాన్ని చూసి
మాస్టారు 'బల్ల బాగుందిరా' అన్నాడని.
నవ్వింది.
"గుర్రంతో మనకేం పని" అంది.

బొగ్గుముక్క ఇచ్చింది. రెండు గీతలు గీశాను.
పట్టాలు.
మరుసటి గురువారం మళ్లీ పట్టాలు.
ఆరు వారాలు పట్టాలే.
దీనర్థం ఇదీ, మీ చిన్నతనం అదీ అని
జాతకం చెబుతుందేమోనని ఎదురుచూశాను.
ఆవిడ అడిగింది ఒక్కటే:
"కాగితం అయిపోయాక ఇవి ఎటు పోతాయి?"
ఇంటికెళ్లేదాకా ఆ ప్రశ్న, చెప్పులో రాయిలా.

ఏడో వారం బల్ల మీద మట్టిముద్ద పెట్టింది.
చల్లగా ఉంది, తెల్లవారుజామున డిపోలో ఇనుములా.
ఏం చేయాలో తను చెప్పలేదు. నేనూ అడగలేదు.
చెయ్యి తనంతట తానే వెళ్లి పట్టుకుంది.
బిగించింది.
మలుపు వచ్చింది. గంట మోగింది.
ఎర్రటి ఉన్ని తొడుగు, ఒక్క చేతిది,
అద్దానికి తగిలి జారింది.
విచారణలో చెప్పనిది, యాద్విగకి చెప్పనిది,
నాకు నేనే చెప్పుకోనిది.
"ఎరుపు" అన్నాను గట్టిగా.
హాల్ష్‌కా రంగుల పెట్టె వైపు కదల్లేదు.
పక్కనే ఉండిపోయింది.

ఎంతసేపో తెలీదు.
చెయ్యి తీసి చూస్తే
బల్ల మీద ఉంది నా పట్టు.
నాలుగు వేళ్ల లోయలు, బొటనవేలి గుంట,
పెళ్లి ఉంగరం గీసిన సన్నని గాడి.
ఇన్నాళ్లూ లోపల మోసింది
బయట చూస్తే
రొట్టెముక్కంత.

నయమైందని రాస్తే అబద్ధం.
ట్రామ్ నడపడం లేదు. ఎక్కుతున్నాను, వెనక సీట్లో.
ఆ మలుపుకి రెండు స్టాపుల ముందు దిగిపోయేవాణ్ణి.
ఇప్పుడు ఒక్క స్టాపు ముందు.
కొన్ని రాత్రులు చెయ్యి ఇంకా బిగుస్తుంది.

కొలిమిలో కాల్చి ఉంచుకుంటారా,
నీళ్లలో వేసి మళ్లీ మట్టి చేసేద్దామా,
అని అడిగింది హాల్ష్‌కా.
తొందరేం లేదు, అని కూడా అంది.
అందుకని అది తడిగుడ్డ కింద ఉంది.
ప్రతి గురువారం వెళ్లగానే,
కోటు విప్పకముందే,
గుడ్డ మీద నాలుగు చుక్కలు చల్లుతాను.